చింతచెట్టు నుంచి చార్మినార్ దాకా

పాతబస్తీలో పరుగు తీయాలంటే దుకాణాల షట్టర్లు లేవకముందే బయల్దేరాలి. అఫ్జల్‌గంజ్ నుంచి మొదలుపెట్టండి. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు దగ్గర ఆగాల్సిందే, గడియారం చూసుకోకండి.

నయాపూల్ మీదుగా మూసీ దాటితే మదీనా, ఆపైన పత్తర్‌గట్టి రాతి కమానులు. వరద తర్వాత నగరాన్ని తీర్చిదిద్దినప్పుడు కట్టినవవి. చార్ కమాన్ నడుమ గుల్జార్ హౌజ్, ఎదురుగా 1591 నాటి చార్మినార్. మధ్యాహ్నపు రద్దీలో తలెత్తి చూడలేని మినార్లు పొద్దున్నే పైదాకా కనిపిస్తాయి. అంతా కలిపి రెండు కిలోమీటర్ల లోపే. ఓపికుంటే లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా దాకా సాగండి. అప్పటికి ఇరానీ హోటళ్లలో చాయ్ సిద్ధంగా ఉంటుంది.