పాత ఇంటి మరమ్మతు: కోపం, ఎత్తుగడ

పాత ఇంటిని బాగుచేయించే యజమానికి కోపం రావడం అరుదేమీ కాదు. కొత్త ఇంటికైతే ప్లాను ఉంటుంది, చదరపు అడుగుకు ఇంతని రేటు ఉంటుంది. పాత గోడలో ఏముందో పెచ్చు ఊడగొట్టేదాకా ఇంటివాళ్లకూ తెలియదు, మేస్త్రీకీ తెలియదు. పట్టిసీమ, పోలవరం వైపు గోదావరి ఒడ్డు ఊళ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. వరదలో నానిన గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది గాని లోపలి చెమ్మ అంత త్వరగా పోదు.

సున్నంతో కట్టిన ఇటుక గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో పైకెక్కిన ఉప్పు వెనక పేరుకుని కొన్నాళ్లకు పెచ్చులు లేపుతుంది, రంగు రాలుతుంది. యజమాని మేస్త్రీని తిడతాడు. ఆ తిట్టు పూర్తిగా అన్యాయమని అనడానికి లేదు. గోడ స్వభావం ముందే చెప్పవలసినవాడు మేస్త్రీయే. గోడ తవ్వాక తేలే పనికి ఎస్టిమేట్‌లో విడిగా ఒక పద్దు పెట్టి, దాని రేటు అప్పటికప్పుడు రాసుకుంటే ఈ కోపంలో చాలా భాగం పుట్టదు.

కోపం వేరు, కోపాన్ని బేరానికి వాడుకోవడం వేరు. నిజమైన కోపానికి ఒక చోటుంటుంది: కారే పైపో, పట్టని తలుపో. దాన్ని సరిచేస్తే చల్లారుతుంది. ఎత్తుగడకు చోటు ఉండదు. తలుపు సరిచేస్తే టైల్సు వంకరంటారు; రసమట్టం పెట్టి చూపిస్తే పక్కూళ్లో ఇంతకంటే తక్కువకు చేశారంటారు. ఫిర్యాదు రోజుకొకటిగా మారుతూ ఇవ్వాల్సిన సొమ్ము మాత్రం కదలకపోతే, అక్కడ తగాదా పని గురించి కాదు. అయితే ఈ గుర్తింపులో పొరపాటుకూ తావుంది. రిటైరయ్యాక వచ్చిన సొమ్మంతా ఇంటిమీద పెట్టినవాడు పదిసార్లు అడిగేది భయంతోనే కావచ్చు. వెనకటి మేస్త్రీ పెద్ద అడ్వాన్సు తీసుకుని, వంటిల్లు పగలగొట్టి, ఇంకో పనికి వెళ్లిపోయి ఉండవచ్చు. యజమానిని కదలనివ్వకుండా చేసే ఆ పద్ధతి కూడా ఎత్తుగడే. ఈ వృత్తిలో అది తక్కువేమీ కాదు.

ఎత్తుగడకు బలం సమయంలో ఉంది. శనివారం కూలీలకు బట్వాడా చేయాలని యజమానికి తెలుసు. ఆ సాయంత్రమే లోపాలు బయటపడతాయి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడితే మాట మెత్తబడుతుంది: “మనవాడివి కదా, ఇది కూడా చేసెయ్, పాలు పొంగాక అన్నీ చూసుకుందాం.” పాలు పొంగాక మేస్త్రీ చేతిలో పట్టు మిగలదు. అందుకే పనిని దశలుగా విడగొట్టి, దశ ముగిసినప్పుడల్లా సొమ్ము తీసుకుని, ముహూర్తం తర్వాత తీసుకునేది చిన్న మొత్తంగానే ఉంచుకోవడం మంచిది. ప్రభుత్వ పనుల్లో కొలతల పుస్తకంలోకి ఎక్కాకే బిల్లు వస్తుంది. మామూలు నోటుపుస్తకంతో చిన్న మేస్త్రీ కూడా ఇదే చేయగలడు. శ్లాబులో పడే ఇనుము, ప్లాస్టరింగ్‌లో మరుగునపడే పైపులు మూసేముందే ఫొటో తీసి సంతకం పెట్టించుకోవాలి.

కేకలకు కూలీల ముందు జవాబు చెప్పకపోవడం మేలు. పదిమంది చూస్తుండగా ఏ పక్షమూ వెనక్కి తగ్గదు. సాయంత్రం కూర్చుని, టేపు పట్టి మాట్లాడుకుంటే తగ్గడానికి ఇద్దరికీ వీలుంటుంది. అప్పటికీ కుదరక పని ఆపవలసివస్తే కారణం రాసి ఇవ్వాలి. గోడ తీసినచోట ఆసరా పెట్టకుండా, తెగిన కరెంటు తీగలు వదిలేసి వెళ్లడం నిరసన కాదు, ప్రమాదం.

ఊళ్లో ఇలాంటివి ఎక్కువగా పెద్దల దగ్గరే తేలతాయి. తేలకపోతే చట్టం ఇరువైపులా ఉంది. ఉచితమని అనుకోకుండా చేసిన పని ఫలాన్ని అనుభవించినవారు దానికి పరిహారం ఇవ్వాలని 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. గృహనిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే గనుక, పని చెడితే యజమాని రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లింపు గడువు ముందుగా అనుకోనప్పుడు, కూలి బాకీ దావాకు పని ముగిసిననాటి నుంచి మూడేళ్ల వ్యవధి ఉంటుంది.