నడిపి చూడాలా?

జెంటూ లినక్స్‌లో నేను చూసుకునే ఒక ప్యాకేజీ వెర్షన్‌ను టెస్టింగ్ నుంచి స్టేబుల్‌కి పంపాలంటే బగ్‌జిల్లాలో బగ్ తెరవాలి. ఇప్పుడు ఆ పనీ స్క్రిప్టే చేసిపెడుతుంది. ప్యాకేజీ లిస్ట్ గడిలో పేరూ వెర్షనూ పడతాయి. పక్కన నక్షత్రం గుర్తు పెడితే చాలు, ఇదివరకు ఏయే ఆర్కిటెక్చర్లలో అది స్టేబుల్‌గా ఉందో అవన్నీ లెక్కలోకి వస్తాయి. తర్వాత నాట్కా అనే బాట్ వచ్చి డిపెండెన్సీలు సరిచూసి, శానిటీ చెక్ దగ్గర ప్లస్ పెట్టి పోతుంది. సీసీ-ఆర్చెస్ కీవర్డ్ ఉంటే ఆయా ఆర్కిటెక్చర్ల బృందాలకు కబురు పెట్టేదీ అదే.

ఆ ప్లస్ చూడగానే నాకు కలిగే నిశ్చింత మీదే నా అనుమానం. నాట్కా దేన్నీ కంపైల్ చేయదు, నడపదు. ఈ వెర్షన్‌కు కావలసినవి స్టేబుల్‌లో ఉన్నాయా అన్నదే దాని ప్రశ్న. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా, ఎవరో పెద్దమనిషి హామీ సంతకం పెట్టినట్టు గుండె తేలికపడుతుంది.

అదే ఫారంలో ఇంకో గడి: నడిపి చూడటం అవసరమా? మంచి టెస్టులున్న లైబ్రరీకి ‘నో’ అనడంలో న్యాయముంది. మనుషులు తెరిచి పని చేసుకునే ప్రోగ్రాములకు కూడా నా వేలు ‘నో’ వైపే పోతుంది. ఆర్కిటెక్చర్ బృందాల్లో ఉన్నదే కొద్దిమంది, వాళ్ల టైం ఎందుకు తినడం అనుకుంటాను. వినడానికి మర్యాదగానే ఉంటుంది. అసలు సంగతి, ‘ఎస్’ అంటే ఏ ఫైల్ తెరవాలో, ఏది నొక్కి ఏం చూడాలో నేను రాయాలి. కొన్నిటి విషయంలో అది నాకే తెలియదు. అవి వేరేదానికి డిపెండెన్సీగా చేతికొచ్చినవి. వెర్షన్ పెంచుతాను, బగ్‌లు మూస్తాను, వాటిని వాడను.

టెస్టింగ్‌లో 30 రోజులు నలగాలన్న రివాజును కూడా ఇలాగే అడ్డం పెట్టుకున్నాను. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0 వెర్షన్ విడుదలైంది 2024 ఫిబ్రవరి 24న. అందులో దాచిన దొడ్డిదారి లోకానికి తెలిసింది మార్చి 29న. మధ్య 34 రోజులు. క్యాలెండర్ ఒక్కటే చూసే స్క్రిప్ట్‌కి అది గడువు పూర్తి చేసుకున్న వెర్షనే. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ దొడ్డిదారుల కోసం వెతకడం లేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీశాడు. అర సెకను ఎక్కువని అనిపించాలంటే మామూలుగా ఎంత పడుతుందో ఒంటికి తెలిసి ఉండాలి. నా దగ్గరున్నవాటిలో నేను అలా ఎరిగినవి ఎన్ని?

నేను వాడనివాటి మెటాడేటాలోంచి నా పేరు తీసేస్తే అవి ‘మెయింటైనర్ కావాలి’ గుంపులో చేరతాయి, వాడేవాళ్లెవరైనా తీసుకోవచ్చు. ఒక్కదాన్నీ ఇంకా వదల్లేదు. ఆ ఫైళ్లలో నా పేరు కనబడటం మీద నాకు ఇంత ఆశ ఉందని ఇదివరకు తెలియదు.