తనఖా విడుదల – పొదుపులోని ధర్మము

వర్తకునికి రెండు పుస్తకములు తెలియును. ఒకటి రోకడ చిట్టా, రెండవది ఆవర్జా. నేడు ఎంత వచ్చినది, ఎంత పోయినది అని మొదటిది చెప్పును. ఎవరికి ఎంత ఈయవలెనో, ఎవరినుండి ఎంత రావలెనో రెండవది చెప్పును. ఈ రెండింటిని సరిచూచుకొననిదే దుకాణమునకు తాళము వేయని వర్తకుడు, ఇంటికి వచ్చిన పిదప ఏ చిట్టాయు లేకుండ ఖర్చు పెట్టుచుండుట కద్దు. అంగడి ఖర్చు అడిగినచో పైసలతో సహా చెప్పును. ఇంటి ఖర్చు అడిగినచో, "ఏదో, అయిపోవుచున్నది" అనును. ఇంటి మీద తనఖా ఉన్న గృహస్థునికి ఈ "ఏదో" అను మాట ఎంత ఖరీదైనదో లెక్క కట్టినగాని తెలియదు. లెక్క తెలిసిన తరువాత మరియొక ప్రశ్న పుట్టును. అప్పు ముందుగా తీర్చుటకై మిగిల్చిన సొమ్ము ఎవరి కోరికను తగ్గించి మిగిల్చినది? మొదటిది గణితము, రెండవది ధర్మము. రెండును చూడవలసినవే.

ముందుగా గణితము. ఒక గృహస్థుడు ఇల్లు కొనుటకు బ్యాంకునుండి 30 లక్షల రూపాయలు, సాలుకు నూటికి 9 వడ్డీ చొప్పున, 20 సంవత్సరముల గడువుపై తీసికొనెననుకొనుడు. నెలసరి కంతు సుమారు 26,992 రూపాయలు అగును. మొదటి నెల కంతులో 22,500 రూపాయలు వడ్డీకే పోవును. అసలులో తరుగునది 4,492 రూపాయలు మాత్రమే. పది సంవత్సరములు ఒక్క కంతైనను తప్పక సుమారు 32 లక్షల 39 వేలు చెల్లించినను, ఇంకను 21 లక్షల 30 వేల దాక అసలు మిగిలియే యుండును. గడువు సగము గడచినది. అప్పు మూడవ వంతైనను తీరలేదు. ఇరువది సంవత్సరములు నిండునాటికి కట్టిన మొత్తము 64 లక్షల 78 వేలు. ఇందులో వడ్డీయే 34 లక్షల 78 వేలు.

అదే గృహస్థుడు రోజుకు నూరు రూపాయలు, అనగా నెలకు 3,000, మొదటినుండియు కంతుతో కలిపి అసలుకు జమ కట్టించినచో ఏమగును? 240 నెలల అప్పు 186 నెలలలో తీరును. నాలుగున్నర సంవత్సరములు ముందుగా ఇల్లు విడుదలయగును. వడ్డీలో సుమారు 9 లక్షల 10 వేలు మిగులును. వడ్డీ రేటు మారినచో అంకెలు మారవచ్చును గాని కిటుకు మారదు. తొలినాళ్లలో అసలునుండి తగ్గించిన ప్రతి రూపాయి, మిగిలిన గడువంతయు తనపై వడ్డీ పెరుగనీయదు. వడ్డీ లెక్కలతో పెరిగిన వర్తక కుటుంబములకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. అయినను తాము ఇచ్చిన అప్పు విషయములో ఎరిగిన సంగతిని తాము తెచ్చిన అప్పు విషయములో మరచువారు లేకపోలేదు.

పూర్వము ఇట్లు ముందుగా కట్టువారినుండి బ్యాంకులు రుసుము వసూలు చేయుట ఉండెడిది. మారుచుండెడి వడ్డీపై, అనగా ఫ్లోటింగ్ రేటుపై, ఇచ్చిన గృహఋణములకు ఆ రుసుము తీసికొనరాదని 2012లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించినది. స్థిరమైన వడ్డీ అయినచో పత్రములోని షరతులను చదువుకొనవలెను. అదనపు సొమ్ము కట్టునప్పుడు కంతు తగ్గింపుమని గాక గడువు తగ్గింపుమని వ్రాసియిచ్చుట మేలు. అప్పు పూర్తిగా తీరిన 30 దినములలో అసలు దస్తావేజులు తిరిగి ఈయవలెననియు, జాప్యము తమదే అయినచో రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లించవలెననియు రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు చేసినది. ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీనుండి అది అమలులో నున్నది.

ఇక ఆ నూరు రూపాయలు ఎక్కడనుండి వచ్చును? పెద్ద ఖర్చులలో వెదకినచో దొరకదు. పెండ్లి, చదువు, వైద్యము – వీనిని ఇంటిలో పదిమంది కూర్చుండి ఆలోచించియే చేయుదురు. ఆలోచన లేకుండ పోవునది చిన్న ఖర్చే. నడచిపోదగిన దూరమునకు ఆటో. ఇంట వంట సిద్ధముగా నుండగా ఫోనుమీద తెప్పించిన ఫలహారము. ఎవరును లేని గదిలో తిరుగుచున్న పంకా. ఒక్క పేరంటమునకు కట్టి బీరువాలో పెట్టిన చీర. ఎవరును చూడని సినిమాలకై నెలనెల కట్టెడి చందా. వీనిలో ఏ ఒక్కటియు పాపము కాదు. కాని వీనిలో ఏదియు "కావలెను" అని నిర్ణయించి చేసినది కాదు. నిర్ణయము లేక చేసిన ఖర్చు, సంతకము లేక చెల్లించిన హుండీవంటిది.

ఈ ఎరుక జైన కుటుంబములకు కొత్తది కాదు. ప్రతిదినము ఉదయము పదునాలుగు నియమములు ధారణ చేయు శ్రావకులు నేటికిని ఉన్నారు. ఈ దినమున ఎన్ని పదార్థములు తినవలెను, ఎన్ని వస్త్రములు కట్టవలెను, ఏ వాహనము ఎక్కవలెను, ఏ దిక్కున ఎంత దూరము పోవలెను అని ముందుగానే పరిమితి కట్టుకొందురు. ఆ నియమములు పుట్టినది డబ్బు మిగుల్చుటకు కాదు, కోరికను ఎరుగుటకు. అయినను కోరికను ఎరిగినవాని సంచిలో డబ్బు దానంతట అదియే మిగులును. కావున పొదుపును ఫలముగా చూడవలెనే గాని లక్ష్యముగా చూడరాదు. లక్ష్యముగా చూచిననాడు వచ్చు చిక్కు ఈ క్రింది ఉదాహరణవలన తెలియును.

బరంపురము వంటి ఊరిలో ఒక బట్టల దుకాణము, దాని యజమాని యొకడు ఉన్నారనుకొనుడు. పైన చెప్పిన అప్పే అతనికిని ఉన్నది. నెలకు 5,000 రూపాయలు అదనముగా కట్టి, 240 నెలల అప్పును 163 నెలలలో తీర్చవలెనని పట్టుపట్టినాడు. ఒకనాటి రాత్రి ఈ లెక్కను సంతోషముతో వృద్ధుడైన తండ్రికి చూపినాడు. తండ్రి కండ్లజోడు సవరించుకొని కాగితమును చాలసేపు చూచినాడు.

"నాయనా, ఐదువేల జమ బాగున్నది. ఈ జమకు ఎదురు పద్దు ఎవరి పేరున వ్రాసినావు?" అని అడిగినాడు.

"ఇంటి ఖర్చు తగ్గించినాను నాన్నగారూ."

"ఇంటి ఖర్చులో మూడువేల ఐదువందలే కనబడుచున్నది. తక్కిన పదిహేనువందలు?"

కుమారుడు కొంతసేపు మాటాడలేదు. పిదప, "గుమాస్తా జీతము పెంచమని అడిగినాడు. వచ్చే దీపావళికి చూతమన్నాను" అన్నాడు.

"క్రిందటి దీపావళికిని అట్లే అన్నావు కదా. అయినచో ఆ పదిహేనువందలు నీ పొదుపు కాదు నాయనా. అతని పొదుపు. అతడు తన పిల్లల పాలు తగ్గించి నీ ఇంటి అప్పు తీర్చుచున్నాడు. ఆవర్జాలో అతని పేరున జమ వ్రాయుము. లేదా అతని సొమ్ము అతనికి ఇచ్చివేయుము."

జంటపద్దు లెక్క తెలిసిన ఏ వర్తకుడును ఈ మాటను కాదనలేడు. ఒక వైపు జమ పడినచో మరియొక వైపు ఎవరి పేరుననో ఖర్చు పడియే తీరవలెను. తన కోరిక పేరున పడినచో అది సంయమము. ఇతరుని ఆకలి పేరున పడినచో దానికి వేరే పేరున్నది. అణువ్రతములలో మూడవదానిని ఎరిగినవారికి ఆ పేరును చెప్పనక్కరలేదు.

గుమాస్తాకు 1,500 పెంచి, తక్కిన 3,500 మాత్రమే అప్పునకు కట్టినచో ఏమగును? 163 నెలలకు బదులు 180 నెలలు పట్టును. అనగా ధర్మము ఖరీదు 17 నెలలు. అయినను 240 నెలలకు ఇంకను అయిదు సంవత్సరములు ముందే. ఆ 17 నెలలు గూడ కావలెనన్నచో యజమాని తన ఖర్చులోనుండియే మరి 1,500 వెదకవలెను. వెదకుట కష్టముగా తోచినచో, ఆ కష్టమును నిన్నటిదాక గుమాస్తా మోసినాడని తెలిసికొనవలెను.

ఇదే పరీక్ష తక్కిన చోట్లను పనికివచ్చును. కూరల గంపతో వచ్చిన ముసలమ్మ వద్ద రెండు రూపాయలు బేరమాడి మిగిల్చినది పొదుపా? చదువు సాగవలసిన ఆడపిల్లను మాన్పించినది పొదుపా? పుట్టింటికి చేరిన విధవ ఆడపడుచు మందు ఖర్చును వాయిదా వేసినది పొదుపా? ఇంటిలో ఎవరికి నోరు లేదో వారి పేరుననే తగ్గింపు ముందుగా పడుట లోకరీతి. యజమాని సిగ్గుపడవలసిన పద్దు ఇదియే. దానధర్మములకై కట్టుకొన్న భాగమును ముందుగా కోయుటయు ఇట్టిదే. తన విలాసమునకు చేయి తగులక ముందే పశుశాల చందా నిలిచినచో కత్తెర ఎటు తిరిగినదో స్పష్టము.

ఇంతకంటె సూక్ష్మమైన సంగతి యొకటి కలదు. బ్యాంకు వడ్డీ వేయును. కనుక దాని అప్పు గుర్తుండును. నేతవాడు, దర్జీ, చిన్న సరుకుదారు వడ్డీ అడుగరు; కనుక వారి బాకీ మరుపునకు వచ్చును. వారికి ఈయవలసినది నెలల తరబడి నిలిపి, ఆ సొమ్ముతో బ్యాంకు అప్పును ముందుగా తీర్చి, "ఋణవిముక్తుడనైతిని" అని చెప్పుకొనుట కంటె ఆత్మవంచన లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలనుండి సరుకు తీసికొన్న పిదప చెల్లింపునకు 45 దినములకు మించి గడువు పెట్టుకొనరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము లేకున్నను, వడ్డీ అడుగని అప్పునే ముందు తీర్చవలెను. అడుగలేనివాని అప్పు అన్నింటికంటె బరువైనది.

కొందరు వర్తకులు వేరొక వాదము చేయుదురు. "తొమ్మిది వడ్డీ అప్పు తీర్చుట యెందులకు? ఆ సొమ్మునే సరుకులో పెట్టినచో అంతకు మించి రాదా?" అని. వచ్చునేమో, రాకపోవచ్చును గూడ. వ్యాపారములో లాభము ఆశ, వడ్డీ నిశ్చయము. బేరములేని సంవత్సరములో కొట్టు మూతపడినను కంతు ఆగదు. కాని ఈ వాదములో కొంత నిజము లేకపోలేదు. చేతిలోని చివరి రూపాయి దాక అప్పునకు కట్టి, మరునాడు జబ్బు వచ్చినచో నూటికి నెలకు రెండో మూడో వడ్డీపై చేబదులు తెచ్చుట వివేకము కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరుగా నిలిపి, వ్యాపారమునకు చాలినంత మూలధనము నిలిపి, ఆ పైన మిగిలినదే అప్పునకు కట్టవలెను.

అన్నింటికంటె గట్టి ఆక్షేపణ ఇది: వర్తకుడు పొదుపును పొగడవచ్చునా? అతని కొట్టు నడచునది ఇతరుల ఖర్చుమీదనే కదా? ఇంటిలో ఒక్క చీర చాలునని భార్యకు చెప్పి, అంగడిలో నాలుగు చీరలు లేనిదే పండుగ కాదని కొనువారికి చెప్పు నోరు ఒక్కటేనా? ఈ ప్రశ్నకు సులువైన జవాబు లేదు. జనులు కొనుట మానినచో నేతవాడు పస్తులుండును, అదియు నిజము. కాని కావలసినవానికి మంచి సరుకు సరియైన ధరకు ఇచ్చుట వేరు, అక్కరలేనివాని చేత అప్పుమీద కొనిపించుట వేరు. తాను అప్పునుండి బయటపడుటకు పాటుపడువాడు మరియొకని అప్పులోనికి నెట్టి ఆ లాభముతో తన తనఖాను విడిపించుకొనినచో, అప్పు తీరలేదు. ఇల్లు మారినది, అంతే. "ఇప్పుడు వద్దులెండి, చేతిలో డబ్బు ఉన్ననాడు రండి" అని ఒక్క మాట చెప్పగల వర్తకునికి ఆ నాటి బేరము పోవచ్చును. ఆ కుటుంబము మాత్రము మూడు తరములు ఆ కొట్టునే వెదకుకొని వచ్చును.

పండ్రెండవ శతాబ్దిలో హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున గృహస్థునికి ముప్పదియైదు గుణములు చెప్పినారు. ఆదాయమునకు తగిన వ్యయము వానిలో ఒకటి. కాని అన్నింటికంటె ముందు చెప్పినది న్యాయముగా ఆర్జించిన విభవము. వరుస గమనింపదగినది. రాబడి శుద్ధముగానున్న పిదపనే ఖర్చు లెక్కకు విలువ.

చివరకు, అప్పు తీరిననాటి సంగతి. ఇన్ని సంవత్సరములు నెలనెల ప్రక్కకు తీసిన సొమ్ము ఇక ఎటు పోవును? మరియొక ఇంటికా, ఇంకొక స్థలమునకా? అయినచో ఆ పొదుపు సంయమము కాదు. మాటువేసి కూర్చున్న పరిగ్రహమే. అందుచేత తీరకముందే ఒక పరిమితి వ్రాసి పెట్టుకొనుట మంచిది: ఇల్లు ఇంత, నగ ఇంత, రొక్కము ఇంత, ఆ పైన వచ్చినది పిల్లల చదువునకు, పనివారి మేలునకు, దానమునకు.

దీపావళినాడు దుకాణమునకు కొత్త ఖాతా పుస్తకము తెరచునప్పుడు ఇంటికిని ఒక సన్నని పుస్తకము తెరచుట సులువైన పని. అందులో మూడు గళ్లు చాలును. ఏమి తగ్గినది? ఎవరికి తగ్గినది? ఎటు పోయినది? మొదటి, మూడవ గళ్లు ఎవరైనను నింపగలరు. నడిమి గడిలో తన పేరే తరచుగా కనబడువాని ఇంటికి దస్తావేజులు తిరిగివచ్చిననాడు, గుమాస్తా మొదలు వంటమనిషి దాక అందరును నిండుమనస్సుతో మిఠాయి తినగలరు. ఆ మిఠాయిలో ఎవరి బాకీయు ఉండదు.