మద్యపానము – సేనానాయకుని ధర్మము



ఇతరులను శాసింపవలసినవాడు మొదట తన్ను తాను శాసించుకొనవలయును. ఈ మాటను కాదనువారు లేరు. అయినను దీని బరువు తెలియవలెనన్న, ఊరికిని బంధువులకును దూరముగా, దేశపుటెల్లయందు నలువదియేబదిమంది సిపాయీలకు నాయకుడై యుండు ఒక్క అధికారిని మనస్సున నిలుపుకొనుడు. అచ్చట అతని మాటయే చట్టము. అతడు కన్ను మూసిన, ఠాణా యంతయు కన్ను మూసినట్లే. అట్టివాని చేతికి రాత్రివేళ సీసా వచ్చినచో ఏమగును? ఇదియే నేడు మనము విచారింపవలసిన విషయము.

ఇది మనకు సంబంధింపని సంగతి యని తలపవలదు. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును జనులు మిలటరీ మాధవరమని పిలుచుట మీరెరుగుదురు. రెండు ప్రపంచయుద్ధములలోను ఆ గ్రామస్థులు పాల్గొనిరి. తరతరములుగా సైన్యమున జేరుట అచ్చటి కుటుంబములకు ఆచారమైనది. గోదావరి నీరు త్రాగి పెరిగిన బిడ్డలు హిమాలయపు మంచులో కాపలా కాయుచున్నారు. వారి శీలము మన ఇంటి సొత్తు. వారి పతనము మన ఇంటి నష్టము.

మహాభారతమున మౌసలపర్వకథ మీరు వినియున్నారు. మునిశాపమునకు వెరచి ద్వారకలో ఒక చాటింపు వేసిరి. సుర కాచినవానిని బంధువులతో గూడ కొరత వేయుదుమనిరి. ఇంతకన్న కఠినమైన శాసనము ఏ దేశమందున్నది? అయినను ఏమి జరిగినది? ఆ చాటింపు ఎవరి పేర వెలువడెనో, వారిలోని బలరాముడును బభ్రువును ప్రభాసతీర్థమున త్రాగినవారిలో నుండిరి. సాత్యకియు కృతవర్మయు త్రాగిరి. వీరు సామాన్యభటులు కారు. కురుక్షేత్రమునుండి ప్రాణములతో బయటపడిన మహారథులు. నిద్రించువారిని చంపినవాడవని సాత్యకి ఎత్తిపొడిచెను, కృతవర్మ బదులు పలికెను, మాట కత్తియైనది, కృతవర్మ శిరస్సు నేలబడెను. పిమ్మట సముద్రతీరపు తుంగయే రోకళ్లుగా మారి యదుకులము నశించెను. పదునెనిమిది దినముల యుద్ధము చంపజాలనివారిని ఒక్క దినపు పానము చంపినది! శాసనము చేసినవారే పాత్ర పట్టినప్పుడు శాసనము గాలిమాట యగునని ఈ కథ బోధించుచున్నది.

న్యాయవాదవృత్తిలోనున్న నేను చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పుట తగును. 1950 నాటి సైన్యచట్టమున 48వ సెక్షను మత్తును నేరముగా నిర్ణయించినది. పనిమీద నున్నను లేకున్నను నేరమే. సామాన్యసిపాయి కాపలాలో లేనప్పుడు మత్తుగా దొరికినచో ఆరుమాసములకు మించని ఖైదు, కాపలాలో నున్నచో రెండేండ్లవరకు ఖైదు. అధికారి దొరికినచో? అతనిని అవమానముతో ఉద్యోగమునుండి తొలగింపవచ్చును. ఈ భేదమేలయని యోచింపుడు. సిపాయి తప్పు చేసినచో అతనిని శిక్షించి మరల వరుసలో నిలుపవచ్చును. అధికారి త్రాగినచో, సిపాయి ఎవని మాట వినవలయునో ఆ మాటకే విలువ పోయినది. ఉదయమున మత్తు దిగవచ్చును గాని, రాత్రి తన నాయకుడు తూలుట చూచిన సిపాయి కన్నులు దానిని మరచిపోవు.

సామాన్యులకును చట్టమిట్లే పలుకుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతిలో 85, 86 సెక్షనులుగా నుండి, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 23, 24 సెక్షనులైన నిబంధనల సారమిది: తెలియకయో బలవంతముచేతనో త్రాగింపబడినవానికి మినహాయింపు కలదు, తనంత తాను త్రాగినవానికి ఆ మత్తు సాకు కాదు. చట్టము అంగీకరింపని సాకును అంతరాత్మ యెట్లు అంగీకరించును?

ఎల్లలోని ఠాణాలో చెప్పు సాకులు మూడు: చలి, ఒంటరితనము, స్నేహితుల బలవంతము. చలిమాట వినుడు. మద్యము చర్మములోని రక్తనాళములను వెడల్పు చేయును. అందుచే వెచ్చనైనట్లు తోచును. కాని దేహములోని వేడిమి ఆ మార్గముననే వెలికిపోవును. వెచ్చదనమని తలచినది నిజముగా వేడిమి నష్టము! మద్యము చేయు మోసములన్నిటికిని ఇదియే మాదిరి: ధైర్యమిచ్చినట్లుండి వివేకమును హరించును, స్నేహమిచ్చినట్లుండి కలహము పుట్టించును.

ఒంటరితనము మాత్రము నిజమైన బాధ. దానిని నిందించుట తగదు. దానికి మారుమందు చూపవలయును. 1885 మొదలు 1893 వరకు భారతసేనాధిపతిగా నుండిన రాబర్ట్సు ప్రభువు మద్యనిషేధసంఘములను ఒక్కటిగా చేర్చి, పటాలములలో పఠనశాలలను, కాఫీ తేనీరు దొరకు స్థలములను వృద్ధిపరచెను. త్రాగవలదని యాజ్ఞ వేయుటతో ఊరకుండక, త్రాగని సాయంకాలమును చేతికిచ్చెనన్నమాట. ధవళేశ్వరపు ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన కాటను దొర సైనికోద్యోగియే. ఆయన కుమార్తె ఎలిజబెత్తు ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున, కూలివారిని సారాయంగళ్లనుండి మరల్పనెంచి కాఫీశాలను నెలకొల్పెను. తండ్రి నీటిని కాలువలకు మరల్చెను. కూతురు మనుష్యులను మరల్చ యత్నించెను.

ఇక మన మన్యము చూడుడు. గిరిజనులు ఇంటివాడుకకు గీచుకొను కల్లుమీద నిర్బంధము పెట్టి, దానిని గుత్తకిచ్చి ఆదాయము చూచుకొనుట 1879 నాటి రంప తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. ఆ కొండలయందే అల్లూరి సీతారామరాజు తన పోరాటమునకు ముందు గిరిజనులకు త్రాగుడు మానుడని బోధించెను. ఆ వెనుకనే 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను పట్టెను. ఆయన మార్గమును గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును. కాని త్రాగుడు మానుటయే క్రమశిక్షణకు తొలిమెట్టని ఆయన గ్రహించుట కాదనరానిది.

త్రాగియు యుద్ధము గెలిచిన వీరులు లేరా యని కొందరడుగుదురు. ఉండవచ్చును. వారు త్రాగుటచేత గెలువలేదు, త్రాగినను గెలిచిరి. ఓడిపోయిన త్రాగుబోతులను లెక్కపెట్టినవారెవ్వరు?

కాకినాడలో వేలమంది విద్యార్థులకు శీలమును బోధించిన రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు సుబేదారు కుమారుడు. దండులో పెరిగిన బాలుడే మద్యమునకును వేశ్యానృత్యములకును విరోధియయ్యెను. కావున సైన్యమనిన త్రాగుడనుట సైన్యమునకు అపవాదు.

తల్లులారా, తండ్రులారా! సెలవుమీద వచ్చిన కుమారుని పెట్టెలో క్యాంటీను సీసాకై చేయి చాచువారు మన ఇండ్లలోనే యున్నారు. అతడు తెచ్చిన సీసా చుట్టును చేరి నవ్వినవారు, రేపు అతడు ఉద్యోగము పోగొట్టుకొని వచ్చినప్పుడు ఏడ్చుటకు అధికారులా? మీ ఉత్తరములు, మీ పలుకులు, మీరు పంపు పుస్తకములు అతని ఒంటరిరాత్రికి కాపలాయగు గాక. నీ చేతిక్రిందివారి ప్రాణములు నీవద్ద ఇల్లడ యని వానికి తెలుపుడు.

సర్వాంతర్యామివైన పరమేశ్వరా! ఎవ్వరును చూడని ఎల్లలయందును నీవు చూచుచున్నావు. కాపలా కాయువారికి నీవు కాపుదలయై, ఇతరుల నేలువారికి తమ్ము తామేలుకొను బలము నొసగుము. ఓం శాంతిః శాంతిః శాంతిః.