సగంలో ఆగిన పాట ఎవరిది?



పనులన్నీ ముగించుకుని, లెక్కలన్నీ సరిచూసుకుని కన్నుమూసేవారు మనలో ఎంతమంది? ఒకాయన గోడలు లేపి, స్లాబు వేయకుండానే వెళ్ళిపోతాడు. ఒకామె గుడికి చెల్లిస్తానన్న మొక్కుబడి చెల్లించకుండానే వెళుతుంది. మాటలు మానేసిన తమ్ముడితో రాజీపడదాం, పడదాం అనుకుంటూనే మరొకాయన వెళ్ళిపోతాడు. అప్పుడు మిగిలినవారి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఆ పనిని పూర్తిచేసేవారు అందులో తమ చెయ్యి ఎంతవరకు పెట్టవచ్చు? పెట్టిన చేతిని బయటికి చెప్పాలా, దాచాలా?

ఈ ప్రశ్నను రెండు వందల ఏళ్ళకు పైగా మోస్తున్న పాట ఒకటి ఉంది. అది మొజార్ట్ మహాశయుని ‘రెక్వియెమ్’. లాటిన్‌లో ఆ మాటకు విశ్రాంతి అని అర్థం. మృతుల దివ్యబలిపూజలో ప్రవేశ గీతం ఆ మాటతోనే మొదలవుతుంది గనుక ఆ పూజ కోసం కట్టిన సంగీతానికంతటికీ అదే పేరు వచ్చింది. రెండవ వాటికన్ మహాసభకు ముందు మన గుళ్ళలో కూడా మృతుల పూజ లాటిన్‌లోనే జరిగేది. ఆ రోజుల్లో గాయకబృందంలో పాడిన పెద్దలకు ఈ మాట కొత్త కాదు.

1791లో ఒక అజ్ఞాత దూత ద్వారా మొజార్ట్‌కు ఈ పని అందింది. పంపినవాడు వాల్‌సెగ్ అనే జమీందారు. ఆ ఏడాది ఫిబ్రవరి 14న అతని భార్య అన్నా ఇరవై ఏళ్ళ వయసులోనే మరణించింది. ఆమె జ్ఞాపకార్థం పాడించడానికి సంగీతం కావాలి. అయితే ఈ జమీందారుకు ఒక అలవాటు ఉంది. డబ్బిచ్చి ఇతరుల చేత రాయించుకుని, తన చేతితో నకలు తీసి, తన సంగీతమే అని వినిపించేవాడు.

మొజార్ట్ సగం సొమ్ము ముందే తీసుకున్నాడు, పని మాత్రం పూర్తికాలేదు. 1791 డిసెంబరు 5న 35 ఏళ్ళకే చనిపోయాడు. ప్రవేశ గీతం ఒక్కటే పూర్తిగా అతని చేతితో ఉంది. చాలా భాగాలకు గొంతుల స్వరాలు, కింది స్వరం రాసి, వాద్యాల చోటు ఖాళీగా వదిలాడు. ‘లాక్రిమోసా’, అంటే కన్నీళ్ళ దినాన్ని గూర్చిన పాట, మొదటి ఎనిమిది ఆవర్తాల దగ్గరే ఆగిపోయింది. పాడితే నిమిషం పడుతుందేమో! ‘పరిశుద్ధుడు’ అనే స్తుతిగీతానికి అతని చేతిరాత ఒక్క గీత కూడా దొరకలేదు.

భార్య కాన్‌స్టాంట్స చేతిలో ఇద్దరు పిల్లలు, అందులో చిన్నవాడు నాలుగు నెలల పసివాడు. పైన అప్పులు. పని అప్పగించకపోతే మిగిలిన సొమ్ము రాదు. ఆమె మొదట ఐబ్లర్ అనే సంగీతకారుణ్ణి అడిగింది. అతడు కొంత రాసి వదిలేశాడు. చివరకు మొజార్ట్ దగ్గర పనిచేసిన జ్యూస్మైర్ అనే పాతికేళ్ళ యువకుడు పూర్తిచేశాడు. జమీందారుకు అందిన ప్రతిపై మొజార్ట్ సంతకం, 1792 అనే సంవత్సరం ఉన్నాయి. 1791లో చనిపోయినవాడు 1792లో సంతకం ఎలా చేస్తాడు? అది జ్యూస్మైర్ చేతి సంతకమేనని పరిశోధకులు తేల్చారు. అలా తీసుకున్న సంగీతాన్ని జమీందారు 1793 డిసెంబరు 14న భార్య స్మారక పూజలో తన పేరుతో పాడించాడు! ఒక అబద్ధం మీద ఇంకొక అబద్ధం.

ఇప్పుడు రికార్డుల సంగతికి వద్దాం. ఒకప్పుడు క్యాసెట్టు కోసం మద్రాసు దాకా వెదకాల్సి వచ్చేది. ఈనాడు కాకినాడలో ఇంటి అరుగు మీద కూర్చుని సెల్‌ఫోనులో వీటిని వినవచ్చు. ఒకే పాటకు నాలుగు రికార్డులు విందాం. ప్రతి ఒక్కటీ మన ప్రశ్నకు ఒక జవాబు చెబుతుంది.

మొదటిది 1971లో కార్ల్ బోమ్ వియన్నాలో చేయించిన రికార్డు. జ్యూస్మైర్ ఎలా పూర్తిచేశాడో అలాగే, ఎంతో నెమ్మదిగా, గంభీరంగా పాడతారు. ‘పెద్దలు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తీసుకుందాం’ అన్నది దీని జవాబు.

రెండవది 1983లో క్రిస్టొఫర్ హాగ్‌వుడ్ చేసినది. దీనికి వాడిన ప్రతిని సిద్ధం చేసినవాడు రిచర్డ్ మౌండర్, వృత్తిరీత్యా గణితశాస్త్రవేత్త. మొజార్ట్‌ది కాదని తాను నమ్మినదాన్ని నిర్దాక్షిణ్యంగా కోసేశాడు. 1960లలో వెలుగుచూసిన మొజార్ట్ చిత్తుకాగితం ఆధారంగా లాక్రిమోసా చివర ఒక ‘ఆమెన్’ కట్టాడు. ఇందులో వెస్ట్‌మిన్‌స్టర్ కతీడ్రల్ బాలుర గొంతులు తేటనీరులా వినిపిస్తాయి. కాని ‘పరిశుద్ధుడు’ గీతం లేదు! ఆ గీతం లేని పాటతో దివ్యబలిపూజ ఎలా సాగుతుంది? కల్తీ తీసేయబోతే ఆరాధనే తెగిపోయింది. వినడానికి బాగుంటుంది గాని ఈ ప్రతి ఒక్కదానితో పూజ జరిపించలేం.

మూడవది 1988లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ బవేరియాలోని డీసెన్ గుడిలో చేసినది. ఫ్రాంజ్ బయర్ అనే పండితుడు జ్యూస్మైర్ రాసినదాన్ని పారేయకుండా, తప్పులు మాత్రం సరిదిద్దిన ప్రతి ఇది. పదేళ్ళ క్రితం, 1978లో మరణించిన తన భార్య ఫెలీషియా జ్ఞాపకార్థం బెర్న్‌స్టైన్ దీన్ని అంకితం చేశాడు. వాల్‌సెగ్ జమీందారు, బెర్న్‌స్టైన్ ఇద్దరూ భార్యను పోగొట్టుకున్నవారే. ఇద్దరూ అదే పాటను భార్య కోసం పాడించారు. ఒకడు రాసినవాని పేరు చెరిపి తన పేరు పెట్టుకున్నాడు. మరొకడు రాసినవాని పేరు అలాగే ఉంచి, పక్కన తన భార్య పేరు చేర్చాడు.

నాలుగవది 1991 డిసెంబరు 5న, మొజార్ట్ చనిపోయి సరిగ్గా రెండు వందల ఏళ్ళు నిండిన నాడు, వియన్నాలోని పునీత స్తెఫాను కతీడ్రల్‌లో జార్జ్ షోల్టి పాడించినది. 1782లో మొజార్ట్ పెళ్ళి జరిగింది ఆ గుడిలోనే. ఈ ప్రతి సిద్ధంచేసిన రాబిన్స్ లాండన్, వదిలేసి వెళ్ళిన ఐబ్లర్ చేతిపనిని కూడా తీసి వాడాడు. అన్నిటికంటే ముఖ్యం, ఇది కచేరీ కాదు. మొజార్ట్ ఆత్మశాంతి కోసం జరిగిన దివ్యబలిపూజ. రికార్డులో గురువు చేసే ప్రార్థనలు, పఠనాలు కూడా వినిపిస్తాయి. ఎవరి కోసమో రాయడం మొదలుపెట్టి ముగించలేకపోయిన ప్రార్థనను, రెండు వందల ఏళ్ళ తరువాత అతని కోసమే ఇతరులు ముగించారు.

ఈ నాలుగింటిలో ‘అసలు’ మొజార్ట్ ఏది అని సంగీత పండితులు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. విశ్వాసులమైన మనం అడగవలసినది వేరొకటి ఉంది. ఒకరి ప్రార్థనను ఇంకొకరు పూర్తిచేయడం తప్పా?

తప్పు కాదు. శ్రీసభ మృతుల కోసం చేసే ప్రార్థనంతా అదే గదా! ఇక తమ కోసం తాము ఏమీ చేసుకోలేనివారికి మనం చేస్తున్నాం. మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయంలో యూదా, యుద్ధంలో పడిపోయినవారి పాప పరిహారం కోసం చందా పోగుచేసి యెరూషలేముకు పంపాడు. వాళ్ళు ముగించలేనిదాన్ని అతడు ముగించబోయాడు. విశ్వాస సంగ్రహంలో మనం ఒప్పుకునే పునీతుల బాంధవ్యానికి అర్థం కూడా ఇదే. కనుక జ్యూస్మైర్ కలం పట్టడం పాపం కాదు. గురువు వదిలిన పనిని శిష్యుడు, తండ్రి వదిలిన పనిని కొడుకు ఎత్తుకోవడం ప్రేమకార్యం.

మరి తప్పు ఎక్కడుంది? ఆ సంతకంలో ఉంది. ‘విధవరాలు, ఇద్దరు పసిపిల్లలు, అప్పులు... ఆమె ఏం చేస్తుంది?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆమెను నిందించడానికి మనకు నోరు రాదు. పైగా మోసపోయినవాడు తానే మోసగాడు. అయినా అవసరం అబద్ధానికి కారణం చెబుతుందేగాని దాన్ని నిజం చేయదు. దాని ఖరీదు ఎవరు కట్టారు? మొజార్ట్ రాసిన చోట్లను కూడా జనం అనుమానంగా చూశారు. జ్యూస్మైర్ తన శ్రమకు తగిన పేరు పొందలేకపోయాడు. తాను రాసినది ఏదో 1800లో ప్రచురణకర్తలకు ఉత్తరం రాసి చెప్పుకున్నాడు గాని, 1803లో 37 ఏళ్ళకే పోయాడు. మొదటనే ‘ఇంతవరకు ఆయనది, ఇక్కడి నుండి నాది’ అని ఒక్క గీత గీసి ఉంటే ఇద్దరికీ గౌరవం దక్కేది.

శ్రీసభ కూడా తన మృతసంస్కార విధిని మార్చుకుంది. 1969లో వచ్చిన కొత్త విధిలో, ఉగ్రదినాన్ని గూర్చిన పాత దీర్ఘగీతానికి బదులు క్రీస్తు పునరుత్థాన నిరీక్షణ ముందుకు వచ్చింది. ఆ మార్పు చాటుగా జరగలేదు. ఫలానా మార్పు, ఫలానా తేదీన, ఫలానా కారణం చేత అని అందరికీ చెప్పి చేసింది.

ఈ సంగతి మన తీరానికి దూరమైనది కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మృతుల స్మరణ దినం గడిచి అప్పటికి నాలుగు రోజులే. వేటకు వెళ్ళిన జాలరులు ఎందరో తిరిగి రాలేదు. అలాంటి ఇంట్లో శవం లేదు, చివరి మాట లేదు. సగం తీరిన అప్పు, సగం అల్లిన వల, చదువు మధ్యలో ఉన్న పిల్లలు మాత్రం ఉంటారు. ఆ అప్పు తీర్చిన కొడుకు, ఆ పిల్లలను చదివించిన మేనమామ తెలియకుండానే ఒక రెక్వియెమ్ పూర్తిచేశారు.

అయితే మన ఇళ్ళలో జ్యూస్మైర్ సంతకాలు లేవా? ‘నాన్నగారు పొలం నాకే ఇమ్మన్నారు’ అని, ఆయన అనని మాటను ఆయన నోట పెట్టడం ఆ సంతకమే. నోటు లేదు గనుక తండ్రి చేసిన అప్పును ఎరగనట్టు ఉండటం మౌండర్ కత్తెర వంటిది. ‘రాతలో లేదు’ అని కోసేస్తే చేతికి లెక్క శుభ్రంగా వస్తుంది, అప్పిచ్చిన పొరుగింటాయన మునిగిపోతాడు. అక్క డబ్బుతో కట్టిన సమాధి రాయి మీద తమ్ముడి పేరు ఒక్కటే చెక్కించడం జమీందారు పని.

కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకుందాం. మన పెద్దలు వదిలిన మంచిపనిని మన బాధ్యతగా ఎత్తుకుందాం. అందులో వారిది ఎంత, మనది ఎంత అన్నది దాచకుండా పిల్లలకు చెబుదాం. మూడవది, ప్రార్థనను రికార్డుకు అప్పగించవద్దు. చావు ఇంటి దగ్గర మైకులో పాటలు మోగిస్తే మోగించండి, ఓదార్పుగానే ఉంటుంది. కాని ఎంత గొప్ప గాయకులైనా మీ నాన్నగారి పేరు పలికి ప్రార్థించరు. గొంతు జీరపోయినా, శ్రుతి తప్పినా, ఆ పని మీదే.

నవంబరు 2న సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించేటప్పుడు, అక్కడ విశ్రమిస్తున్నవారు ముగించలేకపోయిన ఒక్క పనిని తలచుకుందాం. దాన్ని పేరుపెట్టి ప్రభువుకు అప్పగించి, ఇంటికి వెళ్ళి ఆ పని మొదలుపెడదాం.