కుంపటి తలుపు – ఇంద్రియనిగ్రహము

పసిడి వర్తకమునకు పేరుపొందిన ప్రొద్దుటూరులో కంసాలి బొగ్గుల కుంపటి యెదుట కూర్చుండి ఊదుగొట్టముతో గాలి నూదుట చూచినవారికి, 1064 డిగ్రీల వేడిమి లేనిదే కరుగని బంగారమునకు బొగ్గెంత ముఖ్యమో గాలియు నంత ముఖ్యమని వేరుగ జెప్ప నక్కరలేదు. జమ్మలమడుగు, పులివెందుల వైపు పాత యింటి అటకపై మూలబడిన ఇనుప కుంపటి యొకటి దొరకినచో, తుప్పు గీకి, ఊచల సందున గడ్డకట్టిన బూడిద రాల్చి, లోపలి మట్టిపూత నెరియలు మెత్తి, బిగిసిన అడుగుతలుపు బందునకు ఆముదము రాచిన పిదప, అసలైన పని ఆ తలుపు నెంత తెరువవలెనో యెరుగుటయే. పూర్తిగ తెరచినచో బొగ్గులు భగ్గున మండి బూడిదయగును. మూసినచో నిప్పు చల్లారినట్లే కనబడును గాని, లోలోపల రగులుచు, వాసనయైన లేని కార్బన్ మోనాక్సైడు విషమును గదినిండ నింపును.

ఇంద్రియనిగ్రహ మనగా ఆ కుంపటి తలుపువలె ఇంద్రియద్వారములు మూయుటయేనా? నాకట్లు తోపదు. కర్మేంద్రియములను బిగబట్టి మనస్సున విషయములనే తలపోయువానిని గీత మూడవ యధ్యాయమున మిథ్యాచారుడన్నది. ఆరవ యధ్యాయమున ఆహారనిద్రలను మానుమనక మితమునే విధించినది. రగులుచున్న కోరికను మూసిపెట్టినవాని యింట ఆ విషమును ముందుగ పీల్చువారు ఆలుబిడ్డలే. ఇది నేను గట్టిగ నమ్ముదును.

అట్టి నిగ్రహమునకు సంసారము విడువ నక్కరలేదు; ప్రొద్దుటూరున్న జిల్లాలోనే కందిమల్లాయపల్లెలో మఠము వెలసిన పోతులూరి వీరబ్రహ్మము, భార్య గోవిందమ్మతో కాపురము చేయుచునే శిష్యుడగు సిద్దయ్యకు యోగమార్గ ముపదేశించెనని సంప్రదాయము. సంసారము విడిచినవారికే యోగమని వాదించు పెద్దలు ఈ చరితము నెట్లన్వయింతురో వినవలెనని నాకు మిక్కిలి కోరిక.