ఒకే పడవలోని స్నేహము



చెన్నై హార్బరును ఎరిగిన మనవారిలో కొందరు అక్కడి తెరచాప పడవల క్లబ్బు గురించి వినియుంటారు. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ అనే ఆ సంస్థను 1911లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ స్థాపించారు. ఇటువంటి క్లబ్బుల పాత సభ్యులు ఏండ్ల తరువాత కలుసుకున్నా, నిన్ననే విడిపోయినట్లు మాట్లాడుకుంటారు. గెలిచిన పందెముల కంటె పడవ బోర్లాపడిన రోజులనే ఎక్కువగా తలచుకొని నవ్వుకుంటారు. వీరి స్నేహము ఇంత గట్టిగా ఎలా నిలిచినది?

చిన్న తెరచాప పడవలో తరచుగా ఇద్దరుంటారు. ఒకరు చుక్కాని పట్టుకుంటే, మరొకరు ముందు తెరచాప తాడు చూసుకుంటారు. గాలి హెచ్చి పడవ ఒరిగినప్పుడు ఇద్దరూ రెండవ ప్రక్కకు వాలి, తమ శరీరముల బరువుతోనే దానిని నిలబెట్టాలి. ఒకరు అలిగి కూర్చుంటే ఇద్దరూ నీళ్లలో పడతారు. ఇతడు మన ఊరివాడా, మనకు నచ్చినవాడా అని ఆలోచించే వ్యవధి అక్కడ లేదు.

ఇక్కడ మనమొక ప్రశ్న వేసుకోవాలి. స్నేహితుడు గనుక సహాయము చేస్తామా? లేక సహాయము చేసి స్నేహితులమవుతామా? మనలో చాలామంది మొదటిదే నిజమనుకుంటాము. ముందు పరిచయము, తరువాత చనువు, ఆ తరువాతనే సహాయము. సముద్రము నేర్పే పాఠము వేరు. తెరచాప పడవల పందెములకున్న నియమావళిలో మొట్టమొదటి నియమము గెలుపును గూర్చినది కాదు. ఆపదలోనున్న ఏ మనిషికైనా, ఏ పడవకైనా చేయగలిగిన సహాయమంతా చేయాలన్నదే ఆ నియమము.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో, కొరియా దేశపు పూసాన్ తీరమున, కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ తన పందెములో రెండవ స్థానములో సాగిపోతున్నాడు. గాలి ఉధృతమైనది. వేరొక పందెములోని సింగపూర్ పడవ బోర్లాపడి, దానిలోని ఇద్దరూ నీటిలో ఉండుట చూశాడు. వెంటనే తన దారి విడిచి వెళ్లి వారిని రక్షించాడు. నిర్వాహకులు ఆ పందెములో రెండవ స్థానమును అతనికే ఇచ్చినా, మొత్తము మీద అతడు 11వ స్థానములో నిలిచాడు. పోటీ పతకము రాలేదు. అయితే ఒలింపిక్ సంఘము అతనిని పియరీ ద కూబర్తాఁ పతకముతో గౌరవించినది.

1996 క్రిస్మస్ దినములలో మరొకటి జరిగినది. ఒంటరిగా ప్రపంచమును చుట్టివచ్చే పందెములో ఫ్రెంచివాడైన రఫాయెల్ దినెల్లి పడవ దక్షిణ మహాసముద్రములో మునిగిపోయినది. ఆంగ్లేయుడైన పీట్ గాస్ తన పడవను వెనుకకు త్రిప్పి, తుఫానుకు ఎదురుగా రెండు దినములు ప్రయాణించి అతనిని కాపాడాడు. పోటీదారులైన ఆ ఇద్దరూ ఆ తరువాత ప్రాణస్నేహితులయ్యారు. 1997లో ఒకే పడవలో అట్లాంటిక్ దాటే పందెములో పాల్గొన్నారు. దినెల్లి పెండ్లిలో తోడుపెండ్లికొడుకుగా నిలిచినది గాస్.

సహాయము చేసిన ప్రతిచోటా స్నేహము పుడుతుందని మేము చెప్పుట లేదు. పొందినవాడు మరచిపోవచ్చు, చేసినవాడు అతిశయించవచ్చు. అయినా ఎవరో ఒకరు పడవను త్రిప్పనిదే స్నేహమునకు అవకాశమే ఉండదు. నా పొరుగువాడు ఎవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు (లూకా 10), మన ప్రభువు ఆ ప్రశ్ననే త్రిప్పి, దెబ్బలు తిన్నవానికి పొరుగువాడైనది ఎవరని అడిగాడు. సీమోను వలలు పిగిలిపోతున్నప్పుడు వేరొక పడవలోని పాలివారు వచ్చి సహాయము చేశారు (లూకా 5). అదే వారి సహవాసము.

ఈ మాటలు మనకెందుకు? కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు వచ్చిన మన పెద్దలు ఒకరినొకరు ఏరుకొని స్నేహితులు కాలేదు. జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చినవారు, ఇల్లు దొరికే వరకు తమ గదిలో చోటిచ్చినవారు స్నేహితులయ్యారు. నేడు మన కూటములలో ఆ జ్ఞాపకములను సంతోషముతో చెప్పుకుంటున్నాము. చెప్పుకోవలసినదే. అయితే మనము పాత కథలు చెప్పుకుంటూ ఉండగా, పనికోసము క్రొత్తగా వచ్చిన కుటుంబము వెనుక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదము కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవుట లేదా? ఒకప్పుడు మనకు చేయి అందించిన వారి పేరు చెప్పుకుంటూ, మన చేతులు ముడుచుకొని కూర్చుంటే, ఆ జ్ఞాపకము మనమీదనే సాక్ష్యము పలుకుతుంది.

వచ్చే ఆదివారము ఇంటికి బయలుదేరక ముందు ఒకసారి వెనుక బెంచీ వైపు చూద్దాము. వారి పేరడిగి, భోజనమునకు పిలుద్దాము. ముప్పది ఏండ్ల తరువాత వారి పిల్లలు తీపిగా తలచుకొనేది ఆ పూట భోజనమే కావచ్చు.

అట్టి మనస్సు ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.